రోహిణి కార్తెలో నల్ల కొంబుచా: ఫ్రిజ్ లేకుండా సీసాల్లో పక్వం చేసిన కేసు

మే 26 మధ్యాహ్నం మూడు గంటలకు అటక మీద మొదటి సీసా పేలింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పోయిందనుకుని అమ్మ ఫ్యాను వంక చూసింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. రెండోది పేలేసరికి అటక చెక్కల సందుల్లోంచి నల్లటి నీళ్లు కొత్త ఆవకాయ జాడీ మీదికి బొట్లు బొట్లుగా కారాయి. మూడోదానికి పొరుగింటి అత్త గోడ మీదుగా తొంగి చూసి, "ఏమిటమ్మా, మీ ఇంట్లో దీపావళి?" అని అడిగింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా ఇంట్లో సీసాలు పగిలాయి.

అటక మీద ఉన్నవి కొంబుచా సీసాలు, అంటే తీపి కలిపి పులియబెట్టిన తేయాకు పానీయం, మొత్తం 24. మిగిలిన ఇరవై ఒకటి ఎప్పుడు పేలుతాయో తెలియదు. ఆ రాత్రి ఎవరినీ ఆ గదిలోకి వెళ్లనివ్వలేదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు, ఇల్లు కాస్త చల్లబడ్డాక, మోటారు సైకిల్ హెల్మెట్ పెట్టుకుని, మందపాటి చేతి తొడుగులు వేసుకుని నిచ్చెన ఎక్కాను. ఒక్కో సీసా మీద తడి గోనె కప్పి, మూత అంచును ఓపెనర్‌తో వెంట్రుకవాసి ఎత్తి, గ్యాసు బుస్సుమని పోనిచ్చి, మళ్లీ ఎత్తి, మళ్లీ పోనిచ్చాను. ఒక్కోదానికి అయిదారు నిమిషాలు పట్టింది. తెల్లారేసరికి 16 లీటర్ల పానీయంలో దక్కింది పెరట్లో అరటి చెట్టుకే.

ఈ కేసు ఆ మూడు సీసాల గురించి, ఆ తర్వాత ఒక్కటి కూడా పగలకుండా ఆరు వారాలు నిలిచిన మరో 24 సీసాల గురించి.

బెంగళూరులో ఒక చిన్న బ్రూవరీలో ఎనిమిదేళ్లు పనిచేశాను. స్టౌట్, పోర్టర్ వంటి నల్ల బీర్లే నా పని. అమ్మను చూసుకోవడానికి కావలి తిరిగి వచ్చాక బీరు ప్రసక్తే లేదు. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 కింద నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, మాకు పడమటగా కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1990ల మొదట్లో ఆ ఊరి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం జిల్లా అంతా పాకి, రాష్ట్రం దాటి వినిపించి, 1993లో సారా నిషేధానికి దారితీసింది. అమ్మ ఆ రోజుల్లో చీపురు పట్టుకుని ఊరేగింపులో నడిచిన మనిషి. ఆమె వంటింట్లోకి బీరు వాసన రానిచ్చే ధైర్యం నాకు లేదు.

కానీ చేతికి అలవాటైన పని ఊరికే కూర్చోనివ్వదు. ముందు అల్లం బీరు అనుకున్నాను. పేరులో బీరు ఉన్నా అది సాధారణంగా తీపి ఉండగానే తాగేసే పానీయం. ఫ్రిజ్ లేకుండా నిలవ చేయాలంటే అందులోని చక్కెరంతా ఈస్టు తినేదాకా ఆగాలి, అంతవరకు ఆగితే అది మద్యమే అవుతుంది. కొంబుచాలో ఆ చిక్కు తక్కువ. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మారిస్తే, పైన మీగడలా తేలే పొరలోని బ్యాక్టీరియా గాలి సాయంతో ఆ ఆల్కహాలును పులుపుగా మారుస్తుంది. చిక్కటి తేయాకు డికాషన్, సగం తాటిబెల్లం, సగం పంచదార వేస్తే రంగు స్టౌట్‌కు తీసిపోదు. వగరు, కాస్త మాడు వాసన, నాలుక మీద బెల్లం బరువు కూడా ఉంటాయి. నాకు అది చాలు.

ఇంట్లో ఫ్రిజ్ లేదని కాదు. ఒకటుంది, అది అమ్మది. అందులో పాలు, పెరుగు, దోసెల పిండి, కరివేపాకు ఉంటాయి. 24 సీసాలకు అందులో చోటడగడం కన్నా కొత్త ఇల్లు కట్టడం సులువు.

సీసాలో పానీయాన్ని పక్వానికి తేవడాన్ని కండిషనింగ్ అంటారు. అదేమిటో నెల్లూరు జిల్లా వాళ్లకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. చేపల పులుసు వండిన పూట తినరు, మర్నాడు తింటారు. రాత్రంతా పులుపూ కారమూ ముక్కలోకి దిగి, ఒకదాన్నొకటి పొడుచుకోవడం మానేస్తాయి. సీసాలో జరిగేదీ అలాంటిదే, అయితే ఇక్కడ ఈస్టు బతికే ఉంటుంది. మూత వేసేముందు కొలిచి వేసిన చిటికెడు చక్కెరను తిని గ్యాసు వదులుతుంది. ఆ గ్యాసు బయటికి పోలేక పానీయంలో కరుగుతుంది. పని ముగించిన ఈస్టు మడ్డిగా అడుగుకు చేరుతుంది. నల్ల బీర్లలో ఈ దశకు ఓపిక కావాలి, ఎందుకంటే మాడిన గింజల గరుకుదనం కొన్ని వారాలకు గానీ మెత్తబడదు.

బ్రూవరీలో పనిచేసిన మాలాంటి వాళ్లకు ఒక చెడ్డ అలవాటు ఉంటుంది. కండిషనింగ్ అనగానే చలి గది గుర్తొస్తుంది. నిజానికి చలిలో సీసాకు గ్యాసు పట్టదు, ఈస్టు నిద్రపోతుంది. స్టౌట్ సీసాలను కూడా ముందు రెండు మూడు వారాలు 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంచి, ఆ తర్వాతే చల్లని గదికి పంపేవాళ్లం. లండన్‌లో పోర్టర్‌ను పెద్ద పెద్ద చెక్క తొట్లలో నెలల తరబడి పక్వం చేసిన రోజుల్లో యంత్రాలతో చల్లబరచడమన్నదే లేదు. అయితే 1814 అక్టోబరులో అలాంటి తొట్టి ఒకటి పగిలి వీధి మునిగి ఎనిమిది మంది చనిపోయారు. ఆ కథ అమ్మకు చెప్పలేదు.

ఇక తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం.

మొదటి విడత మే 13న మొదలుపెట్టాను. రెండు గాజు జాడీల్లో చెరి ఎనిమిది లీటర్లు, లీటరుకు సుమారు 70 గ్రాముల తీపి, పాత కొంబుచాలోంచి పదో వంతు తోడు. పాలకు తోడు వేసినట్టే ఇక్కడా తోడు ముఖ్యం, మొదటి రోజే పులుపు ఉంటే చెడు క్రిములు చేరవు. జాడీల మూతికి అమ్మ పాత వెంకటగిరి నూలు చీర ముక్క కట్టాను. ఆ నేత ఎంత దగ్గరగా ఉంటుందంటే గాలి పోతుంది గానీ పండ్ల మీద వాలే చిన్న ఈగ దూరదు. పల్చటి గాజుగుడ్డ కట్టి ఈగల పాలు చేసుకున్న వాళ్లను చూశాను.

ఏడో రోజు రుచి చూస్తే పచ్చి మామిడిలా పుల్లగా, వెనక కాస్త తీపిగా ఉంది. పానీయం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.009 చూపింది. తీపి తగ్గేకొద్దీ ఈ అంకె దిగుతుంది. ఇంత పులుపులో ఈస్టు ఇక కదలదనుకున్నాను. స్టౌట్ అలవాటు కొద్దీ లీటరుకు 6 గ్రాముల చక్కెర కలిపి, 650 మిల్లీలీటర్ల గోధుమరంగు సీసాల్లో నింపి, మూతలు బిగించి అటక ఎక్కించాను. చీకటిగా ఉంటుంది, ఎవరి కాళ్లకూ అడ్డం రాదు.

పేలిన మర్నాడు అందరూ చెప్పిన కారణం ఒక్కటే: ఎండ. నేనూ రెండు రోజులు అదే నమ్మాను. అటక మీద థర్మామీటరు పెడితే మధ్యాహ్నం 43 డిగ్రీలు చూపింది, ఇంకేం కావాలి? కానీ లెక్క కుదరలేదు. ఎండ గ్యాసు తయారీని తొందరపెడుతుంది, ఒత్తిడినీ పెంచుతుంది. లేని గ్యాసును మాత్రం పుట్టించలేదు. గ్యాసు పుట్టాలంటే చక్కెర ఉండాలి. అంత చక్కెర ఎక్కడిది?

దొరికిన చోటు చూసి సిగ్గుపడ్డాను. నా హైడ్రోమీటర్ 20 డిగ్రీల వేడికి గీసినది. ఆ రోజు పానీయం 32 డిగ్రీలు ఉంది. వేడికి నీరు పలచబడుతుంది కాబట్టి పరికరం ఇంకొంచెం లోతుకు మునిగి, అసలు కన్నా 0.003 తక్కువ చూపింది. అంటే నిజమైన అంకె 1.009 కాదు, 1.012. మా వీధి పాలకేంద్రంలో లాక్టోమీటర్ పట్టుకునే కుర్రవాడు కూడా పాల వేడి చూసి అంకె సవరిస్తాడు. ఎనిమిదేళ్లు బ్రూవరీలో పనిచేసిన నాకు అది గుర్తు రాలేదు. అక్కడ పానీయం ఎప్పుడూ పరికరానికి నచ్చిన వేడిలోనే ఉండేది.

ఆ 0.003 చిన్న అంకెలా కనిపిస్తుంది. లీటరుకు అది దాదాపు 8 గ్రాముల చక్కెర. లీటరు పానీయంలో లీటరు గ్యాసు కరిగితే ఒక వాల్యూమ్ అంటాం, దానికి సుమారు 4 గ్రాముల చక్కెర చాలు. అంటే కొలతలో పొరపాటు ఒక్కటే రెండు వాల్యూమ్‌ల గ్యాసును నా కంటపడకుండా దాచింది. తర్వాతి విడతలో ఇదే పానీయం 1.005 దగ్గర గానీ ఆగలేదు. కాబట్టి మొదటి విడతలో సీసాలోకి వెళ్లిన మిగులు తీపి లీటరుకు 18 గ్రాములు. దాని నుంచి నాలుగున్నర వాల్యూమ్‌లు, నేను కలిపిన 6 గ్రాముల నుంచి ఒకటిన్నర, అప్పటికే కరిగి ఉన్నది అర పైన. మొత్తం ఆరున్నర. మామూలు సీసాకు మూడే ఎక్కువ.

ఈ సీసాలు ఫ్రిజ్‌లో ఉండి ఉంటే ఏం జరిగేది? ఏమీ జరిగేది కాదు. ఈస్టు మగతగా పడి ఉండేది, నేను వారానికి రెండు తాగేవాణ్ణి, నా కొలతలు భేష్ అనుకునేవాణ్ణి. ఏ ఒకటో బయట మరిచిపోయిన రోజు పేలేది. ఇన్నేళ్లు చలి గది నా పానీయాలను కాపాడిందనుకున్నాను. చాలాసార్లు అది కాపాడింది నా తప్పుల్నే.

రెండో విడత మే 30న మొదలైంది. దినుసులు అవే. ఈసారి తొందరపడలేదు. పదిహేడు రోజులు జాడీలోనే ఉంచాను. కొద్దిగా తీసి, గ్లాసును చల్లటి నీళ్లలో నిలబెట్టి, వేడి చూసుకుని, సవరించి అంకె రాసుకున్నాను. వరుసగా మూడు రోజులు 1.005 కదలకపోతేనే సీసా పట్టాలని నియమం. బెల్లంలో ఈస్టు తినలేని పదార్థాలు కొన్ని ఉంటాయి కాబట్టి అంకె 1.000కు దిగుతుందని ఎదురుచూడకూడదు, ఎక్కడ నిలకడగా ఆగిందన్నదే చూడాలి. జూన్ 16 నాటికి పులుపు గట్టిగా ఎక్కింది. తీపి ఆనవాలు లేదు. నేరుగా తాగితే ముఖం చిట్లించాల్సిందే.

సీసాలో వేసే చక్కెరకు తాటిబెల్లం వాడలేదు. రుచికి అది గొప్పదే కానీ అందులో తేమ ఎంతో, తీపి ఎంతో ప్రతి దిమ్మకూ మారుతుంది. రంగు జాడీలో తెచ్చుకోవచ్చు, గ్యాసు కొలతకు తెల్ల పంచదారే నమ్మకం. లీటరుకు 5 గ్రాములు, 16 లీటర్లకు 80. గ్లాసు నీళ్లలో మరిగించి, చల్లార్చి, మొత్తంలో కలిపి, ఉదయగిరి చెక్క గరిటెతో నురగ రాకుండా తిప్పాను. దీనితో దాదాపు 1.9 వాల్యూమ్‌లు, స్టౌట్‌కు సరిపడే మెత్తటి గ్యాసు.

సీసాల మధ్య ఒక ప్లాస్టిక్ సోడా సీసా కూడా నింపాను. దాన్ని వేళ్లతో నొక్కి చూస్తే లోపలి ఒత్తిడి తెలుస్తుంది. ఇంత చవకైన గేజి మరొకటి లేదు. గోలీ సోడా సీసాలు ఎందుకు వాడలేదని చాలామంది అడిగారు. గోలీ మూతికి బిగియాలంటే లోపల ముందే ఒత్తిడి ఉండాలి, అందుకే వాటిని గ్యాసుతో నింపి తలకిందులు చేస్తారు. నెమ్మదిగా గ్యాసు పుట్టే పానీయానికి అవి పనికిరావు.

ఇప్పుడు చోటు. మాది పాత మిద్దె ఇల్లు, గోడలు మందం. నడిమి గదిలో ఒకప్పుడు ధాన్యం నానబెట్టిన సిమెంటు తొట్టి ఉంది. సీసాలను అందులో నిలబెట్టి, భుజాల దాకా నీళ్లు పోశాను. సీసాలతో కలిపి సుమారు నూరు లీటర్లు. మూతలకు నీరు తగలకూడదు, తుప్పు పడతాయి. పైన చెక్క పలకలు కప్పి, అంచుల్లో గుడ్డ దూర్చాను, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. వారానికొకసారి నీళ్లు తోడి మొక్కలకు పోసి మార్చాను.

చల్లదనం కోసం కాదు ఈ తొట్టి. నూరు లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించాలన్నా చాలా వేడి కావాలి, గది గాలి పగలంతా కష్టపడినా అంత ఇవ్వలేదు. గదిలో గాలి 28 నుంచి 36 దాకా ఎక్కి దిగుతుంటే, తొట్టి నీళ్లు ఉదయం 29, సాయంత్రం 30.5 చూపేవి. రోజూ రెండు పూటలా రాసుకున్నాను. పుస్తకాలు చెప్పే 20 డిగ్రీలు కావిది. అయినా ఈస్టుకు ఇబ్బంది లేదు. దానికి పడనిది పగలు ఉడికి రాత్రి చల్లారడం.

గోనె తడిపి చుట్టడం తొట్టి కన్నా చల్లగా ఉంచుతుంది కదా అని సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. ఆరు సీసాలను ఉదయగిరిలో ఉన్న బావకు ఇచ్చి, తడి గోనెలో చుట్టి వసారాలో పెట్టమన్నాను. తడి గుడ్డ ఎంత చల్లబడుతుందన్నది గాలిలో తేమ మీద ఆధారపడుతుంది. 42 డిగ్రీల వడగాలిలో తేమ 20 శాతం ఉంటే గుడ్డ 24 దాకా దిగగలదు. 34 డిగ్రీల గాలిలో తేమ 70 శాతం ఉంటే 29 దగ్గరే ఆగిపోతుంది. కావలిలో ఒకే రోజు ఈ రెండూ జరుగుతాయి. పొద్దుటి నుంచి పడమటి వడగాలి కొడుతుంది, మధ్యాహ్నం తిరిగాక సముద్రం వైపు నుంచి గాలి మళ్లుతుంది. ఒళ్లు చెమటతో జిగటగా మారిందంటే గోనె పని అయిపోయినట్టే. ఉదయగిరి కొండల కింద వడగాలిదే రాజ్యం కాబట్టి అక్కడ గోనె గెలుస్తుందనుకున్నాను.

పది రోజులు గెలిచింది కూడా. సాయంత్రాలు 26 అని బావ ఫోను చేసి చెప్పేవాడు. తర్వాత ఒక వారం ఫోను లేదు. నేనే చేస్తే, "ఆత్మకూరులో పెళ్లికి వెళ్లాం బావా, గోనె ఎండిపోయింది" అన్నాడు. సీసాలు రెండు రోజులు 38 డిగ్రీల్లో ఉన్నాయి. పగల్లేదు, ఎందుకంటే పగిలేంత చక్కెర వాటిలో లేదు. కానీ మూడో వారంలో తెరిస్తే పాతబడిన ఈస్టు వాసన, ఉడికి చల్లారిన తేయాకు వాసన వచ్చాయి. తడపడానికి మనిషి కావాలన్నదే గోనెలో ఉన్న లోపం. తొట్టికి పెళ్లిళ్ల సంగతి పట్టదు.

తొట్టిలో ఉన్న ప్లాస్టిక్ సీసా నాలుగో రోజుకే రాయిలా గట్టిపడింది. గ్యాసు పని అక్కడితో పూర్తయింది, మిగిలింది పక్వం. వారానికొకటి చొప్పున తెరిచాను. మొదటి వారం బుడగలు పెద్దవి, సోడాలా ముక్కుకు ఎక్కాయి, పులుపు విడిగా గుచ్చింది. రెండో వారం పెద్ద తేడా లేదు. మూడో వారం సీసా వేరే మనిషిలా అనిపించింది. బుడగలు సన్నబడ్డాయి, నురగ గ్లాసు అంచున నిలిచింది, తేయాకు వగరు వెనక్కు తగ్గి బెల్లం మాడు వాసన ముందుకొచ్చింది. ఆరో వారానికి అంతకన్నా మెరుగు కాలేదు, మడ్డి వాసన కొంచెం మొదలైంది. మూత పడ్డాక గాలి లేదు కాబట్టి పులుపు మాత్రం పెరగలేదు. మా వేడికి మూడు వారాలు చాలు, అయిదు దాటనివ్వకూడదని నా లెక్క. స్టౌట్‌లాగా నెలలు దాచేది కాదిది.

తెరవడానికి మాత్రం చలి తప్పదు. 30 డిగ్రీల దగ్గర ఈ సీసాలో బయటి గాలి మీద దాదాపు రెండు అట్మాస్ఫియర్ల ఒత్తిడి అదనంగా ఉంటుంది. 8 డిగ్రీలకు దించితే అది దాదాపు మూడో వంతుకు దిగుతుంది, గ్యాసు పానీయంలోనే కుదురుకుంటుంది. వెచ్చగా తెరిస్తే మడ్డితో సహా పైకప్పు చూస్తుంది. రొయ్యల, చేపల వ్యాపారం ఉన్న ఊరు కాబట్టి ఐసు గడ్డకు కొదవ లేదు. పన్నెండు సీసాలు, పది లీటర్ల నీళ్లు ఉన్న టబ్బుకు అయిదు కిలోల ఐసు సరిపోయింది. రెండు గంటలు కదపకుండా ఉంచాలి. ఆ ఐసు తాగడానికి తయారుచేసింది కాదు, అందుకని మూత తీసేముందు సీసాను మంచినీళ్లతో కడిగి తుడవాలి.

తీపి సంగతి చివరికి గ్లాసులో తేలింది. గ్లాసు అడుగున రెండు చెంచాల సుగంధి షర్బత్, పైన ఈ నల్ల పానీయం. సీసాలో తీపి ఉంచి ప్రాణం మీదికి తెచ్చుకోవడం కన్నా సోడా బండి వాళ్ల పద్ధతి ఎంతో నయం. పొరుగింటి అత్త రెండో గ్లాసు అడిగింది. సీసాల్లో లీటరుకు 5 గ్రాముల చొప్పున వేసిన చక్కెర వల్లే 0.3 శాతానికి పైగా ఆల్కహాలు పుడుతుంది, జాడీలో మిగిలినది దానికి అదనం. మన ఆహార నిబంధనల్లో మద్యం కింద లెక్కగట్టే హద్దు 0.5 శాతం. అందుకే దీన్ని అమ్మను, పిల్లలకు పోయను. అత్తకు ఆ సంగతి మొదటి గ్లాసుకు ముందే చెప్పాను.

జూలైలో ఒక రాత్రి కరెంటు పోయి ఉదయం దాకా రాలేదు. లేచి చూసేసరికి తొట్టి మీది పలక ఒకటి పక్కకు జరిగి ఉంది. సీసాల మధ్య రెండు లీటర్ల పాలగిన్నె, గోరువెచ్చగా, మూత పెట్టి ఉంది. "ఫ్రిజ్‌లో పెడితే విరుగుతాయి నాయనా, ఇక్కడైతే కాస్త ఆగుతాయి" అంది అమ్మ. థర్మామీటరు చూశాను. 0.4 డిగ్రీలు ఎక్కింది. ఆ రోజు పట్టికలో కారణం గడిలో "పాలగిన్నె" అని రాశాను.